పుల్లటి పాలతో నేల గట్టిపడుతుందా?
మొన్న ఇంగ్లండ్‌లో, ఈస్ట్ ససెక్స్‌లోని ఆల్‌ఫ్రిస్టన్ అనే ఊళ్లో క్లర్జీ హౌస్ చూసి వచ్చాం. 14వ శతాబ్దపు ఇల్లు. ఓక్ దూలాల చట్రం, తడికెలకు మట్టి మెత్తిన గోడలు, పైన గడ్డి కప్పు. 1896లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ దీన్ని 10 పౌండ్లకే కొన్నదట! ఆ సంస్థ కొన్న మొట్టమొదటి ఇల్లు ఇదే.

నా సందేహం నేల గురించి. సుద్దను దిమ్మిస కొట్టి, పైన పుల్లటి పాలు పోసి గట్టిపరిచారని చెప్పారు. మా అమ్మమ్మ పేడతో అలకడం చూశాను గానీ పాలు పోయడం ఎప్పుడూ వినలేదు. సుద్దను పట్టి ఉంచేది పాలలోని కేసిన్ అనే ప్రొటీనేనా? వాసన రాదా?

ఇంకోటి, ఇలాంటి ఇళ్లకు మొదట్లో పొగగొట్టం లేదు, హాలు మధ్యలోనే నెగడు. పొగంతా గడ్డి సందుల్లోంచే పోయేదా? నిప్పురవ్వ ఎగిరితే? పాత ఇళ్ల రిపేర్లు చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.