గ్రౌస్ వేట లేకపోతే కర్ల్యూ మిగలదా?

గట్టుమీద: బ్రిటన్ కొండల్లో వేట ఎస్టేట్లు గ్రౌస్ పక్షుల (వేటాడే అడవికోడి లాంటివి) కోసం గేమ్‌కీపర్లను (వేట నేలల కాపలాదార్లను) పెట్టి నక్కల్నీ కాకుల్నీ చంపిస్తాయి. ఆ నీడనే కర్ల్యూలు (పొడవాటి వంపు ముక్కు పక్షులు), ల్యాప్‌వింగ్‌లు (మన తీతువుకు చుట్టాలు) బతుకుతున్నాయంటారు. నిజమేనా, వేటకు ముసుగా?

చిత్తడినేల: నిజమేనండి. నార్తంబర్లాండ్‌లోని ఆటర్‌బర్న్ దగ్గర 2000 నుంచి 2008 దాకా, ఒక్కోటి సుమారు 12 చదరపు కిలోమీటర్లున్న నాలుగు చోట్ల పరీక్షించారు. నక్కల్ని, కాకుల్ని తగ్గించిన చోట పిల్లల్ని పెంచి ఎగరేసిన జంటలు సగటున మూడు రెట్లయ్యాయి.

కర్ల్యూ నాలుగు గుడ్లు నేలమీదే పెడుతుంది. పొదగడానికి నాలుగు వారాలు, పిల్ల ఎగరడానికి ఇంకో ఐదు. సంఖ్య నిలబడాలంటే రెండు జంటలకు ఏటా ఒక పిల్లయినా ఎగరాలి. అందుకే నక్కల్ని, కాకుల్ని తగ్గించే పని చలికాలం చివర్లోనే మొదలవ్వాలి. గూళ్లు కట్టాక మేలుకుంటే ఆ ఏడాది పోయినట్టే. మానేస్తే పక్క అడవుల్లోంచి కొత్త నక్కలు దిగుతాయి. కాకులకు లార్సెన్ బోను (బతికున్న ఎర కాకిని పెట్టి మిగతావాటిని పట్టేది) వాడతారు. ఎర కాకికి తిండి, నీళ్లు, నీడ, వాలే కొమ్మ ఉండాలి. రోజుకొక్కసారైనా చూసి, పొరపాటున పడ్డ వేరే పక్షిని వదిలేయాలి.

డేగకన్ను: అదే నేలల్లో హెన్ హారియర్ల (ఒక రకం వేటాడే డేగల) సంగతి? 2019లో వచ్చిన అధ్యయనంలో ఉపగ్రహ ట్యాగ్ వేసిన 58 పక్షుల్లో 72 శాతాన్ని చంపేశారని తేలింది, లేదా చంపి ఉండే అవకాశమే చాలా ఎక్కువంది. పైగా పీట్ (కుళ్లిన మొక్కలు పేరుకున్న) నేలమీద హెదర్ (గ్రౌస్ తినే పొద) తగలబెడతారు. కింద మైదానాల్లో వేట కోసం ఏటా కోట్లలో ఫెజెంట్లను (పెంచిన వేటపక్షులను) వదులుతారు. చచ్చినవి నక్కలకు మేత. నక్కల్ని మేపేదీ వాళ్లే, చంపేదీ వాళ్లే!

చిత్తడినేల: హారియర్లను చంపడం నేరమే, సమర్థించను. కానీ స్కాట్లాండ్‌లోని లాంగ్‌హోమ్ గ్రౌస్ నేల చూడండి: 1999 తర్వాత కీపర్లు లేకపోయేసరికి కర్ల్యూ లాంటి వేడర్లతోపాటు హారియర్లూ తగ్గాయి. అవీ నేలమీదే గూడు పెడతాయి.

పొలంగట్టు: నక్కల నియంత్రణకు గ్రౌస్ వేట అక్కర్లేదు. అవసరమైన కొన్ని అభయారణ్యాల్లో ఆర్‌ఎస్‌పీబీ (బ్రిటన్ పక్షి సంరక్షణ సంస్థ) కూడా చేయిస్తుంది. తేడా జీతం దగ్గరే: కీపర్‌కి గ్రౌస్ వేటగాళ్ల డబ్బుంది. గడ్డి పొలాల్లో గూటి చుట్టూ కరెంటు కంచె వేస్తే నక్క, బ్యాడ్జర్ (బొరియల్లో ఉండే జంతువు) ఆగుతాయి, కాకి ఆగదు. తీగకు గడ్డి తగిలితే కరెంటు నేలకు పోతుంది, కాబట్టి కోస్తూ ఉండాలి. పిల్లలు గుడ్లలోంచి వచ్చిన వెంటనే కంచె దాటిపోతాయి. అందుకే జూలై మధ్యదాకా సైలేజ్ (పులియబెట్టి దాచే పశుగ్రాసం) కోయకుండా రైతుకు పరిహారం ఇవ్వాలి. ఆ పద్దు లేకుండా కంచె ఒక్కటీ కొంటే సగం డబ్బు వృథా.