విదేశీ రేసుకు వెళ్తున్న ఎంజీబీకి 6,000 ఆర్‌పీఎం హద్దు పెట్టడం సమంజసమేనా?

నీలి బానెట్:
1963 నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీని నేనూ నా మిత్రుడూ కలిసి బెల్జియంలోని స్పా-ఫ్రాంకోర్‌షాంప్‌లో జరిగే పాతకాలపు కార్ల రేసుకు తీసుకువెళ్తున్నాము. ఇద్దరమూ ఔత్సాహికులమే, విదేశంలో రేసులో దిగడం ఇద్దరికీ ఇదే మొదటిసారి. ఇంజిన్ 1,798 సీసీ, పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసైన క్రాంక్‌షాఫ్టు మూడు మెయిన్ బేరింగుల మీద తిరిగే పాత రకం. 1964 చివర్లో వచ్చిన అయిదు బేరింగుల క్రాంక్‌కు ఉన్న గట్టిదనం దీనికి లేదు కనుక రేసంతా 6,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాటకూడదని నేను అంటున్నాను. 6,800 దాకా వెళ్లకపోతే అక్కడి కెమెల్ స్ట్రెయిట్ అనే తిన్నని దారి పొడవునా అందరికీ దారి ఇస్తూ పోవలసి వస్తుందని నా మిత్రుడి వాదన. అనుభవజ్ఞులు తమ అభిప్రాయం చెప్పగలరు.

వంకర దారి:
మీ మాటే సరైనది. 1963లో ఫ్రాన్స్‌లోని ల మాన్స్ 24 గంటల రేసులో పాడీ హాప్‌కర్క్, అలన్ హచిసన్ నడిపిన ఎంజీబీ మొదట్లోనే ఇసుకలో కూరుకుపోయింది. హచిసన్ గంటకు పైగా తవ్వి దాన్ని బయటకు తీశారు. అయినా ఆ కారు 24 గంటలూ నడిచి 12వ స్థానంలో నిలిచింది. అప్పటికి అయిదు బేరింగుల క్రాంక్ లేనే లేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి; అదుపులో నడిపితే మూడు బేరింగులదీ నిలబడుతుంది.

కందెన:
మీరంతా ఆర్‌పీఎం చుట్టూ తిరుగుతున్నారు కానీ ఈ ఇంజిన్‌ను చంపేది ఆయిల్ అందకపోవడం. దీనికి డ్రై సంప్ (ఆయిల్‌ను విడి ట్యాంకులో ఉంచే ఏర్పాటు) లేదు; ఆయిల్ ఇంజిన్ అడుగున ఉండే సంప్ అనే తొట్టిలోనే ఉంటుంది. స్పాలోని పూహోన్ లాంటి పొడవైన దిగువ మలుపులో ఆయిల్ అంతా ఒక పక్కకు ఒరిగిపోయి పంపు గాలిని పీల్చిందంటే, 5,500 దగ్గర కూడా బేరింగులు కాలిపోతాయి. సంప్‌లో అడ్డు రేకులు ఉన్నాయా? ప్రెషర్ పడిపోతే వెలిగే పెద్ద దీపం డ్రైవరు కళ్లెదుట ఉందా? ముందు వీటికి సమాధానం చెప్పండి.

పాత క్రాంక్:
హద్దు అన్న మాటకే నా అభ్యంతరం. హద్దు దాటకుండా చూసే లిమిటర్ పరికరం ఇగ్నిషన్‌ను ఆపగలదు కానీ చక్రాలను ఆపలేదు. కెమెల్ స్ట్రెయిట్ చివరి లే కాంబ్ మలుపు దగ్గర బ్రేకు వేస్తూ నాలుగో గేరు నుంచి మూడుకు బదులు ఒకటో గేరులోకి వేస్తే, క్లచ్ వదిలిన క్షణంలో చక్రాలే ఇంజిన్‌ను 8,000 పైకి లాక్కుపోతాయి. అప్పుడు మీ 6,000 ఏ పనికి వస్తుంది?

టైరు గుర్తు:
విడి ఇంజిన్ తీసుకువెళ్తుంటే దాని నంబరును ఏటీఏ కార్నేలో (సరుకును సుంకం లేకుండా తాత్కాలికంగా విదేశానికి తీసుకువెళ్లే పత్రం) తప్పక రాయించండి. అక్కడ ఇంజిన్ మార్చినా పగిలినదాన్ని కూడా వెనక్కి తేవాలి. లేకపోతే సుంకం కట్టమంటారు.

నీలి బానెట్:
అడ్డు రేకులు ఉన్నాయి, దీపం కూడా ఉంది. పాత క్రాంక్ గారు చెప్పిన ప్రమాదమే నా భయమూ. టాకోమీటరులో గరిష్ఠ వేగం దగ్గర నిలిచిపోయే రెండో ముల్లు ఉంది. పోయిన ప్రాక్టీసు తరువాత అది 7,400 దగ్గర కనిపించింది. అప్పుడు నడిపింది నేను కాదు.

రెండో సీటు:
ఆ మిత్రుణ్ణి నేనే. ఇన్నాళ్లూ నాతో ఒక్క మాటైనా అనకుండా ఆ ముల్లు సంగతి ఇక్కడ నలుగురి ముందూ పెట్టడం నన్ను బాధించింది. ఇంజిన్ పునర్నిర్మాణానికి, ఓడ రవాణాకు సగం డబ్బు నేను పెట్టాను. ఒక్క ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పండి: ఈ 6,000 హద్దు ఇద్దరికీ వర్తిస్తుందా, నాకు మాత్రమేనా? క్వాలిఫయింగ్ (రేసు మొదలయ్యే స్థానాన్ని తేల్చే పరుగు) మీరే చేస్తానన్నారు, అప్పుడు 6,500 వాడతానని మీ నోటితోనే చెప్పారు.

కందెన:
అడ్డు రేకులు ఉన్నాయంటే సరిపోదు. ఆయిల్ ఎంత మట్టం వరకు పోస్తున్నారు?

పాత క్రాంక్:
రెండో సీటు గారూ, మీ కోపం నాకు అర్థమవుతుంది. ఒకాయన కారులో డబ్బు కట్టి విదేశంలో రేసు నడిపాను. ఆయన కూడా ఇలాగే నోటిమాటగా ఒక హద్దు పెట్టారు. నా వంతులో పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ విరిగింది. అది అప్పటికే అలసిపోయిన రాడ్ అని, పగులు పాతదని చూసిన మెకానిక్కులు చెప్పినా, హద్దు దాటావంటూ బిల్లంతా నా మీద వేశారు. అందుకే చెబుతున్నాను: ఈ వాదన క్రాంక్ గురించి కాదు. ఇంజిన్ పగిలితే ఎవరు కట్టాలన్నది మీరిద్దరూ ఇంతవరకు మాట్లాడుకోలేదు.

నీలి బానెట్:
అవును, మాట్లాడుకోలేదు. కారు నా పేరు మీద ఉంది, పాతకాలపు రేసు కార్లకు ఇచ్చే సాంకేతిక పాస్‌పోర్టు హెచ్‌టీపీ నేను చేయించాను, పదేళ్లుగా దీన్ని నేనే చూసుకుంటున్నాను. సగం ఖర్చు పెట్టినవారు పగిలిన రోజున విమానం ఎక్కి వెళ్లిపోవచ్చు; పగిలిన ఇంజిన్‌తో నేను మిగిలిపోతాను. నా భయమంతా అదే. క్వాలిఫయింగ్‌లో నాకు వేరే లెక్క ఉండాలనడం న్యాయం కాదు. హద్దు ఇద్దరికీ ఒకటే.

వంకర దారి:
తప్పు గేరు వేసినవారు పూర్తిగా భరించాలి, అరుగుదల వల్ల పోతే చెరిసగం. చాలామంది పాటించే పద్ధతి ఇదే.

పాత క్రాంక్:
ఏది అరుగుదలో, ఏది తప్పు గేరో తేల్చేదెవరు? యజమానే తేలిస్తే నా కథే మళ్లీ జరుగుతుంది. మీ ఇద్దరికీ సంబంధం లేని మెకానిక్‌ను బయలుదేరకముందే ఎంచుకోండి. ప్రతి వంతు తరువాత ఆ ముల్లు ఎక్కడుందో ఇద్దరూ చూసి, రాసుకుని, అప్పుడే వెనక్కి తిప్పండి.

రెండో సీటు:
దీనికి నేను ఒప్పుకుంటాను. ఒప్పందం మీరే రాసి పంపండి, సంతకం చేస్తాను. 6,000 మాత్రం నాకు ఇంకా సమ్మతం కాదు. 6,500 అని రాయండి.

కందెన:
ఆయిల్ మట్టం సంగతి ఎవరూ చెప్పలేదు.