చెరువుల ప్యాకేజీ: ఫోల్డర్ల పేర్లు కుదించాలా, టార్ రూపం మార్చాలా?

అనంత చెరువులు (అనంతపురం):
చెరువుల పటాల ప్యాకేజీ కొత్త వెర్షన్ కడుతుంటే టార్ (ఫైళ్లన్నిటినీ ఒకే మూటగా కట్టే ప్రోగ్రాము) కొన్ని ఫైళ్లను వదిలేసింది. దారి, అంటే ఫోల్డర్ల పేర్లతో కలిపి ఫైలు పూర్తి పేరు, 99 బైట్లు దాటిందట. మండలం, దాంట్లో ఊరు, దాంట్లో చెరువు, ఇట్లా ఫోల్డర్లు పెట్టినాం, పేర్లన్నీ తెలుగులోనే. పేర్లు కుదించి పని కానిద్దామంటున్నారు మావాళ్లు. నాకు మనసొప్పట్లేదు. మీరేమంటారు?

బురుజు నీడ (కర్నూలు):
కుదించేయండన్నా. బుక్కరాయసముద్రాన్ని ఎట్లా బీకేఎస్ అనే కదా అనేది! ఇంకా మేలైన పని, కేంద్ర ప్రభుత్వ ఊళ్ల జాబితా ఎల్‌జీడీలో ప్రతి ఊరికీ కోడ్ ఉంది. ఫోల్డర్‌కు ఆ కోడ్ పెట్టి, పేర్లు ఒక పట్టికలో రాసుకోండి. ఏ మిషన్లో విప్పినా ఇబ్బంది రాదు.

పెన్న ఒడ్డు (కడప):
నేను ఒప్పుకోను తమ్ముడూ. ఆ 99 ఎక్కడిదో చూడు. 1979 నాటి యూనిక్స్ ఏడో ఎడిషన్ టార్‌లో పేరుకు ఇచ్చిన చోటు 100 బైట్లు. ప్యాకేజీ కట్టడానికి వాడే ఆటోమేక్ ఉంది కదా, దాని పాత వెర్షన్లు మనం చెప్పకపోతే ఇప్పటికీ ఆ వీ7 రూపంలోనే కడతాయి. అక్షరాలను బైట్లుగా రాసే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8లో మన అక్షరానికి, గుణింతానికి, వత్తులో వచ్చే పొల్లుకు విడివిడిగా మూడేసి బైట్లు. బుక్కరాయసముద్రం చూడ్డానికి ఏడక్షరాలే, బైట్లు మాత్రం 45. ముందు అనంతపురం 24, ఫోల్డర్ల మధ్య గీతలు (/) రెండు, వెనక 'చెరువుల-పటాలు' 37 కలిపితే 108. ఫైలు పేరు ఇంకా మొదలే కాలేదు! ఇంగ్లీషు పేర్లు పెట్టుకున్నోళ్లకు ఈ బాధ తెలియదు. చెప్పు పట్టలేదని కాలు కోసుకుంటామా?

బీకేఎస్ అందరికీ తెలుసు, సరే. కొత్తచెరువు, కొత్తపల్లి రెండూ 'కొత్త' అయితే ఏది ఏదో ఎవరు చెప్పాలి? కోడ్ల పట్టిక ఫైలు పోయిందంటే ప్యాకేజీ మొత్తం అంకెల గుట్ట. బడి అయ్యవారు ఫోల్డర్ తెరవగానే తన ఊరి పేరు కనబడాల, దానికోసమే కదా ఇదంతా.

ఆటోమేక్ ఆప్షన్లలో టార్-పాక్స్ అని ఒక్క మాట చేర్చండి. యూస్టార్ అనే రూపం కూడా ఉంది గానీ అందులో పేరుకు 100 బైట్లు, దాని ముందుండే ఫోల్డర్ల దారికి 155 అంతే. పైగా పేర్లు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉన్నాయో అది చెప్పదు. 2001 నాటి పాక్స్‌లో ఈ హద్దు లేదు, పేర్లు యూటీఎఫ్-8 అని కూడా తేలిపోతుంది.

బురుజు నీడ (కర్నూలు):
కట్టేచోట మీ మాట నిజమే. విప్పేచోటో? ల్యాబుల్లో ఇంకా విండోస్ 7 మిషన్లున్నాయి. డ్రైవ్ అక్షరం నుంచి, దారి ముగిసిందని చెప్పే చివరి సున్నా దాకా దారి మొత్తం 260 దాటితే చాలా ప్రోగ్రాములు ఫైలు తెరవలేవు. పాక్స్ పెట్టినంత మాత్రాన అది పోదు. దాన్ని సడలించే సెట్టింగు వచ్చింది 2016లో, విండోస్ 10 1607 నుంచి. అది కూడా మనం ఆన్ చేయాల, ప్రోగ్రాము కూడా ఒప్పుకోవాల.

పెన్న ఒడ్డు (కడప):
ఇది గట్టి మాటే, కాదనను. అయితే ఆ 260 బైట్ల లెక్క కాదు, అక్షరం, గుణింతం, పొల్లు ఒక్కోటీ ఒకటిగా లెక్క. అక్కడ బుక్కరాయసముద్రం 15 మాత్రమే. మనల్ని అక్కడ ముంచేది పేర్లు కాదు, అంతస్తులు. అన్నా, మీ ప్యాకేజీలో 'డేటా', దాంట్లో 'పటాలు', మళ్లీ దాంట్లో 'చెరువుల-పటాలు' ఎందుకు? ఒకటి చాలు. అంతస్తులు తీసేయండి, ఊరి పేరు మాత్రం ముట్టుకోవద్దు.

అనంత చెరువులు (అనంతపురం):
మధ్యలో రెండు అంతస్తులు తీసేస్తాం, పాక్స్‌లో కడతాం. తమ్ముడూ, మీ ల్యాబు మిషన్లో విప్పి చూసి చెప్తావా? డెస్క్‌టాప్ మీద ఒకసారి, నేరుగా సి డ్రైవ్‌లో ఒకసారి. అక్కడ తెరుచుకోకపోతే ఎల్‌జీడీ కోడ్ల సంగతి మళ్లీ మాట్లాడదాం.