అప్‌డేట్: ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) దిగుతుంటే బ్రేకుల ఎయిర్ పడిపోయిన లారీ సంగతి
పోయిన వారం అడిగాను కదా, పెద్ద అంబర్‌పేట దగ్గర ఓఆర్ఆర్ దిగుతుంటే ఎయిర్ మీటర్ ముల్లు పడిపోయి, బజర్ మోగి, వెనక చక్రాలు వాటంతటవే పట్టేశాయని. చాలామంది బ్రేకులకి గాలి నింపే కంప్రెసర్ పోయిందన్నారు, నేనూ అదే అనుకున్నాను. కాదు. ఆటోనగర్‌లో మేస్త్రీ క్లీనర్‌ని పెడల్ తొక్కి పట్టుకోమని, వెనక ఎడమ బ్రేక్ చాంబర్ (గాలి ఒత్తిడితో బ్రేక్ వేసే డబ్బా) మీద సబ్బు నీళ్లు పోస్తే బుసబుసమని నురగ. లోపల రబ్బరు డయాఫ్రం చిరిగింది, బ్రేక్ తొక్కినప్పుడే గాలి పోతుంది కాబట్టి బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు నాకు తెలియలేదు. చక్రాలు పట్టేయడం లోపం కాదట, గాలి బాగా తగ్గితే, అది ఆపి ఉంచిన స్ప్రింగ్ వదిలేసి స్ప్రింగ్ బ్రేక్ పడాల్సిందే. ఆ రోజు నేను తిట్టుకున్నది దాన్నే! రెండు వైపులా కొత్తవి వేయించాను. స్లాక్ అడ్జస్టర్లు (బ్రేక్ లైనింగ్‌కి, డ్రమ్ముకి మధ్య సందు సరిచేసేవి) కూడా చూపించమన్న అన్నకి థాంక్స్, ఒకటి నిజంగానే లూజుగా ఉంది.