బిడ్డకు 18 దాటాయి, గార్డియన్ కాగితం తీసుకోవాలా వద్దా?

మిర్యాలగూడ_అమ్మ:
మా బిడ్డకు మొన్ననే 19 నిండాయి. పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్, దాంతో బుద్ధిమాంద్యం. సదరం సర్టిఫికెట్ ఉంది, పెన్షన్ వస్తోంది. మా ఆయన రైస్ మిల్లులో పని చేస్తారు, నేను బట్టలు కుడతాను. మా మామయ్య పోయే ముందు మనవరాలి పేరున ఎకరం పది గుంటలు రాసి పోయారు. బ్యాంకులో అకౌంట్ సంగతి అడిగితే, మేజర్ అయింది కాబట్టి ఇక మీ సంతకం చెల్లదు, గార్డియన్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. మా మరిది "దానికెందుకు వదినా అంత, వేలిముద్ర వేయిస్తే అయిపోతుంది" అంటాడు. మా ఆయన వెంటనే కలెక్టరేట్‌లో దరఖాస్తు పెడదామంటున్నారు. మా అక్క మాత్రం "ఆ కాగితం వచ్చిందంటే పిల్ల జన్మంతా మైనరే, దాని మాటకు విలువుండదు" అని ఏడ్చింది. ఎవరి మాట వినాలి?

పాలమూరు_తమ్ముడు:
తీసుకో అక్కా, ఆలోచించకు. మా అన్నకు బుద్ధిమాంద్యం. మా అవ్వ బతికున్నన్ని రోజులు అన్నీ ఆమే చూసుకుంది, కాగితం అవసరం రాలేదు. ఆమె పోయాక అన్న అకౌంట్‌లో పడ్డ పైసలు కళ్ల ముందే ఉన్నా తీయలేకపోయాం. అప్పుడు నేను పుణెలో మేస్త్రీ పనిలో ఉన్నాను. కాగితాల కోసం పని వదిలి నాలుగుసార్లు ఊరికి వచ్చాను. మీరిద్దరూ బాగున్నప్పుడే చేసుకోండి.

వకీలు_నల్లగొండ:
ముందు వేలిముద్ర సంగతి. అమ్మాయికి అర్థం కాని విషయం మీద వేలు పట్టుకుని వేయించిన ఒప్పందం 1872 కాంట్రాక్ట్ చట్టం ప్రకారం చెల్లదు. రేపు గొడవైతే వేయించినవాళ్ల మెడకే చుట్టుకుంటుంది. దాన్ని మర్చిపోండి.

ఇక దారి ఏమిటంటే, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. జిల్లాలో కలెక్టర్, ఒక నమోదైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగుడు ఉండే లోకల్ లెవెల్ కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. కోర్టు చుట్టూ తిరగక్కరలేదు. ఈ కమిటీ సర్టిఫికెట్‌ను బ్యాంకులు తీసుకోవచ్చని 2007లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది.

సూర్యాపేట_చెల్లి:
నేను ఒప్పుకోను. దారి సులువుగా ఉండడం వల్లే భయం. మా పిన్ని కొడుక్కి వాళ్ల పెదనాన్న గార్డియన్ అయ్యాడు. ఆ రోజు నేనూ వెళ్లాను. లోపల పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నారు. బయట బెంచీ మీద మా వాడు కవర్లో టిఫిన్ డబ్బా పట్టుకుని కూర్చున్నాడు. ఒక్కరూ వచ్చి "ఏం బాబూ, మీ పెదనాన్న దగ్గర ఉంటావా?" అని అడగలేదు. కౌలు పైసలు ఎంత వచ్చాయో ఇప్పటికీ మాకు తెలియదు. వాడికి ఎండాకాలం చెప్పులు కొనిచ్చేది మా పిన్నే. వాడి తరఫున సంతకం పెట్టే హక్కు వాడికి అన్నం పెట్టని మనిషి చేతిలో ఉంది.

వకీలు_నల్లగొండ:
చెల్లీ, జరిగింది తప్పే. కానీ ఆ తప్పుకు మందు ఆ చట్టంలోనే ఉంది. 14వ సెక్షన్ ప్రకారం కమిటీ రెండు ప్రశ్నలు చూసుకోవాలి. అసలు ఈ మనిషికి గార్డియన్ కావాలా? ఏ పనులకు కావాలి? గార్డియన్ అయినవాళ్లు ఆరు నెలల్లో ఆస్తి వివరాలు ఇవ్వాలి, ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో లెక్క చెప్పాలి. పట్టించుకోకపోయినా, ఆస్తి కాజేసినా 17వ సెక్షన్ కింద తీసేయించవచ్చు. దాన్ని తల్లిదండ్రులో, బంధువులో, నమోదైన సంస్థో అడగాలి. మీ పిన్ని అడగవచ్చు, ఇప్పుడైనా.

సూర్యాపేట_చెల్లి:
అడిగాక కూడా మా పిన్ని ఆ ఇంట్లోనే బతకాలి కదా అన్నా.

(ఆ తర్వాత రెండు రోజులు ఎవరూ రాయలేదు.)

కొల్లాపూర్_మాస్టారు:
మీకు కనీసం ఒక కమిటీ ఉంది. మా నాన్నకు అల్జీమర్స్. ఆయన తరఫున పనులు చేసే అధికారం ఇస్తూ రాసే కాగితం, జీపీఏ, ముందే రాయించుకున్నాను, పర్వాలేదనుకున్నాను. ఇప్పుడేమో ఆయనకు మతి తప్పాక అది పనికిరాదంటున్నారు. నిజమేనా వకీలు గారూ?

వకీలు_నల్లగొండ:
నిజమే మాస్టారూ. అధికారం ఇచ్చిన మనిషికి మతిస్థిమితం పోతే ఆ జీపీఏ రద్దయినట్టే, అదే కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్. నేషనల్ ట్రస్ట్ చట్టంలో డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు, లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద ప్రతినిధిని పెట్టుకోవచ్చు కానీ అది చికిత్స వరకే, ఆస్తికి కాదు. చాలామంది హైకోర్టులో రిట్ వేసి అనుమతి తెచ్చుకుంటున్నారు. కోమాలో ఉన్నవాళ్ల విషయంలో కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇది పెద్ద లోటు.

అచ్చంపేట_నర్సు:
అమ్మా, ఒక మాట ఇక్కడే చెప్పాలి. బిడ్డ పెద్దదైంది, నెలసరి ఇబ్బంది, గర్భసంచి తీయించేయండి అని చుట్టాలు చెబుతారు. గార్డియన్ కాగితం ఉంటే మన ఇష్టమే అనుకుంటారు. కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, సంతానం కలగకుండా చేసే ఏ వైద్యానికైనా ఆ మనిషి స్వేచ్ఛగా, అర్థం చేసుకుని ఒప్పుకోవాలి. 2009లో చండీగఢ్ కేసులో, స్వల్ప బుద్ధిమాంద్యం ఉన్న అమ్మాయి గర్భాన్ని ఆమె ఒప్పుకోకుండా తీయరాదని సుప్రీంకోర్టు చెప్పింది. సంతకం మీదైనా శరీరం ఆమెది.

వకీలు_నల్లగొండ:
అదే 2016 చట్టం 14వ సెక్షన్‌లో పరిమిత గార్డియన్‌షిప్ అని ఉంది. ఫలానా పనికి, ఫలానా కాలానికి, ఆ మనిషి ఇష్టాన్ని బట్టి గార్డియనూ ఆ మనిషీ ఇద్దరూ కలిసి నిర్ణయం తీసుకోవడం. అమ్మా, మీ దరఖాస్తులో "అన్ని విషయాలకు" అని రాయకండి. మీకు ఇబ్బంది ఏదో అదే రాయండి. మీ మరిదికి ఆ పొలం కౌలు మీద ఆశ ఉంటే ఆయన్ని ఈ సంతకాల దరిదాపులకు రానివ్వకండి.

పాలమూరు_తమ్ముడు:
వకీలన్నా, అట్ల తక్కువ రాస్తే రేపు ఇంకో పనికి మళ్లీ తిరగాలి. కూలి పోగొట్టుకునేది మేమే.

వకీలు_నల్లగొండ:
తిరగాలి తమ్మీ. కాదనను. కానీ నువ్వు రెండు రోజుల కూలి పోగొట్టుకుంటే మీ అన్నకు తన మాట మిగులుతుంది.

మిర్యాలగూడ_అమ్మ:
మీ అందరివీ చదివాను. నిన్న రాత్రి బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని నోట్లు పరిచాను. పదీ, ఇరవై గుర్తుపట్టింది. ఐదు వందల నోటు ఇచ్చి యాభై రూపాయల గాజులు కొంటే ఎంత తిరిగి రావాలి అంటే నా మొహం చూసింది. అకౌంట్, పొలం విషయాల్లో మా సాయం కావాలి, అది ఒప్పుకుంటాను. కానీ ఏ రంగు గాజులు కావాలంటే ఒక్క క్షణం ఆలోచించలేదు, ఆకుపచ్చ అంది. పొలం గురించి అడిగితే "తాత పొలం, అమ్మొద్దు" అంది. అది ఎవరూ నేర్పలేదు.

బ్యాంకు, పొలం, ఈ రెండింటికే దరఖాస్తు రాయించాం. నేనూ మా ఆయనా ఇద్దరి పేర్లూ పెట్టాం. మా ఆయన ఇంకా గొణుగుతున్నారు. సోమవారం తీసుకుపోతాం, బిడ్డ కూడా లోపలికే వస్తుంది. పిలవకపోతే నేను అడుగుతాను.

సూర్యాపేట_చెల్లి:
మంచిది అక్కా. మీ ఇద్దరి తర్వాత ఎవరు?

మిర్యాలగూడ_అమ్మ:
పెద్దోడు హైదరాబాద్‌లో ఉన్నాడు. ఇంకా అడగలేదు. దసరాకు వస్తాడు, బిడ్డ ముందే అడుగుతాను.