ఇయర్‌ఫోన్స్ పెట్టకపోయినా పెట్టానంటోంది నా ఉబుంటు, స్పీకర్ మూగబోయింది

మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ, బీచ్‌కి దగ్గరే. పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉబుంటు 24.04 (లినక్స్) వాడుతున్నా. నాలుగు రోజులుగా స్పీకర్‌లోంచి చిన్న శబ్దం కూడా రావట్లేదు, సౌండ్ సెట్టింగ్స్ తెరిస్తే జాక్‌లో ఏమీ లేకపోయినా ఔట్‌పుట్ దగ్గర హెడ్‌ఫోన్స్ అనే చూపిస్తోంది.

సౌండ్‌ని నడిపే ప్రోగ్రాములు పైప్‌వైర్, వైర్‌ప్లంబర్ రెండూ రీస్టార్ట్ చేశా, లాభం లేదు. సౌండ్ కార్డుల లిస్టు చూపే ఏప్లే -ఎల్ కమాండ్ కొడితే కార్డు కనిపిస్తోంది, అంటే డ్రైవర్ బాగానే ఉన్నట్టే కదా. టెర్మినల్‌లో వాల్యూమ్ సర్దే ఆల్సామిక్సర్‌లో ఎఫ్6 నొక్కి కార్డు ఎంచుకుని, బాణం గుర్తు నొక్కుతూ చివరికెళ్తే ఆటో-మ్యూట్ మోడ్ అని ఒకటుంది, హెడ్‌ఫోన్స్ పెడితే స్పీకర్‌ని ఆపేసేది అదే. దాన్ని డిసేబుల్డ్ చేయగానే ఫుల్ వాల్యూమ్‌లో ఒక్కసారిగా మోగి, పక్కగదిలో పడుకున్న మా నాన్నమ్మ ఉలిక్కిపడి లేచింది! తిట్లు తిన్నా సరే, పనిచేసిందిలే అనుకున్నా. కానీ రీస్టార్ట్ చేస్తే మళ్లీ మొదటికే. సెట్టింగ్స్ సేవ్ చేసే సుడో ఆల్సాసీటీఎల్ స్టోర్ కమాండ్ కూడా కొట్టి చూశా.

టార్చి వేసి చూస్తే జాక్ లోపల పచ్చగా చిలుం పట్టినట్టుంది. మా కిటికీ ఊచలే ఈ ఉప్పుగాలికి తుప్పు పట్టిపోతుంటాయి, ఇదెంత. రిపేరు షాపతను మాత్రం మూత కూడా తెరవకుండా విండోస్ వేసుకో అన్నాడు.

జాక్‌లో ఏదో గుచ్చినట్టు తెలిపే స్విచ్ ఇరుక్కుపోయిందంటారా? ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవొచ్చా, దూది పోగులు లోపల ఉండిపోతే ఎలా? ఈలోగా బూట్ అయిన ప్రతిసారీ ఆటో-మ్యూట్ దానంతటదే ఆగిపోయేలా ఎక్కడ రాయాలో ఎవరైనా చెప్పండి ప్లీజ్, సోమవారం ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంది, టెన్షన్‌గా ఉంది.