జీఎస్‌టీటీ1 జన్యువును క్రోమోజోము పటంలో ఎలా చూపాలి?

నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. మా నాయనమ్మ జీవితాంతం అడ్డపొగ తాగింది, అంటే నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని చుట్ట కాల్చేది. ఆమె అంగిలి క్యాన్సరుతో పోయిన తరువాత, పొగలోని విషాలతో తలపడే ఎంజైముల జన్యువులనే ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఎంచుకుని, క్రోమోజోముల మీద వాటి స్థానాలతో ఒక పటం గీస్తున్నాను.

15వ క్రోమోజోము మీది సీవైపీ1ఏ1, 11వ దాని మీది జీఎస్‌టీపీ1 తేలికగానే దొరికాయి. జీఎస్‌టీఎం1 ఒకటవ క్రోమోజోము పొట్టి భుజంలో జీఎస్‌టీఎం2, జీఎస్‌టీఎం5 జన్యువుల నడుమ ఉంది. దానికి రెండు పక్కలా దాదాపు ఒకేలాంటి వరుసలు ఉన్నందున, అవి పొరపాటున జతపడి మధ్యనున్న జన్యువు మొత్తం తొలగిపోయినవారు ఎందరో ఉన్నారు.

నా చిక్కంతా జీఎస్‌టీటీ1తోనే. మానవ డీఎన్‌ఏ వరుసకు ప్రామాణికంగా వాడే కూర్పులలో పాతదైన జీఆర్‌సీహెచ్37లో 22వ క్రోమోజోము మీద కనిపించిన ఈ జన్యువు, కొత్తదైన జీఆర్‌సీహెచ్38లో ప్రధాన వరుసలో కాక ప్రత్యామ్నాయ ఖండంలో, అంటే కొందరిలో వేరుగా ఉండే వరుసను విడిగా చూపే భాగంలో ఉంది. పటమంతా కొత్త కూర్పు ప్రకారం గీసి, దీనికి మాత్రం పాత కూర్పులోని స్థానపు అంకె వేయడం నాకు సబబుగా తోచడం లేదు. ఇలాంటి చోట మీరు ఏ పద్ధతి పాటిస్తారు?

మరొక సందేహం. పీసీఆర్ పద్ధతిలో పెంచిన డీఎన్‌ఏ ముక్కలను జెల్ మీద నడిపితే 350 బేస్ జతల దగ్గర పోలిక కోసం పెట్టిన ఆల్బుమిన్ జన్యువు గీత, 480 దగ్గర జీఎస్‌టీటీ1, 215 దగ్గర జీఎస్‌టీఎం1 గీతలు చక్కగా వస్తున్నాయి గాని, గీత వచ్చినంత మాత్రాన జన్యువు ఒక ప్రతి ఉందో రెండున్నాయో తేలదు. డీఎన్‌ఏ పెరుగుతుండగానే కొలిచే రియల్ టైమ్ పీసీఆర్ యంత్రం లేని మా ప్రయోగశాలలో దానిని తేల్చే మార్గం తెలిసినవారు దయచేసి వివరించగలరు.